మాత్రలు గుండెను కాపాడుతున్నాయి సరే, మిగతా ఒంటి సంగతేంటి?

మూడోమెట్టు
స్టెంట్ వేసి మూడు నెలలైంది. నాకు 54 ఏళ్లు. గుండెపోటు వచ్చిన రోజు కంటే ఇప్పుడే ఎక్కువ రోగిష్టివాడిలా ఉన్నాను. నా గొడవంతా ఇదే.

వాడుతున్నవి: పరగడుపున పాంటాప్రజోల్, తర్వాత ఆస్పిరిన్ 75, మెటోప్రొలాల్ 50, రామిప్రిల్ 5, టికాగ్రెలార్ 90 రెండు పూటలా, రాత్రి అటోర్వాస్టాటిన్ 80.

ఇక కష్టాలు. పొడి దగ్గు, గొంతులో ఎవరో ఈకపెట్టి తిప్పుతున్నట్టు. పడుకున్నాక మరీ ఎక్కువ. మా ఆవిడ రెండు వారాలు ఓపికపట్టి దిండు తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది. మెట్లెక్కితే మూడో మెట్టు దగ్గరే కాళ్లకి ఇసుక బస్తాలు కట్టినట్టుంటుంది. ఊరికే కుర్చీలో కూర్చుని ఉంటే ఉన్నట్టుండి ఊపిరి చాలనట్టు అనిపిస్తుంది, ఒక నిమిషం తర్వాత ఏమీ జరగనట్టే మామూలైపోతుంది. తొడలు, పిక్కలు నొప్పులు. ఇవి చాలక కలలు! రోజూ పరీక్ష హాలుకి ఆలస్యంగా వెళ్తున్నాను, హాల్ టికెట్ ఉండదు, చూస్తే కాళ్లకి చెప్పులూ ఉండవు.

డాక్టర్ గారు రిపోర్టులు తిరగేసి "అన్నీ బాగున్నాయి" అన్నారు. రిపోర్టులు బాగానే ఉన్నాయి, బాగాలేనిది నేనే.

విసుగొచ్చి మొన్నటి నుంచి మెటోప్రొలాల్ ఆపేశాను. రెండు రోజులైంది, ప్రాణం కాస్త తేలికగానే ఉంది. ఎవరైనా ఇలా చేశారా?

రెండుస్టెంట్లు
చేశాను తమ్ముడూ. మూడో రోజు రాత్రి మళ్లీ ఎమర్జెన్సీలో తేలాను. ఇంకేం చెప్పను.

పాత_ఫార్మసిస్ట్
మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ డాక్టర్‌కి ఇవాళే ఫోన్ చేసి, రెండు రోజులుగా మెటోప్రొలాల్ వేసుకోలేదని ఉన్నదున్నట్టు చెప్పి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడగండి. తిడతారేమోనని దాయొద్దు.

ఎందుకింత కంగారంటే, ఇది బీటా బ్లాకర్. గుండెని పరుగెత్తించే హార్మోన్లకి అడ్డంగా తలుపు మూసి పట్టుకుంటుంది. అన్నాళ్లూ బయటివాళ్లు తలుపు తోస్తూనే ఉంటారు, ఒళ్లు ఇంకొన్ని తలుపులు కూడా తయారుచేసుకుంటుంది. పట్టుకున్నవాడు ఒక్కసారిగా పక్కకి తప్పుకుంటే అందరూ కలిసి లోపల పడతారు. నాడి, బీపీ ఎగిసిపడతాయి, ఛాతీ నొప్పి రావచ్చు, గుండెపోటు కూడా రావచ్చు. మానాల్సి వచ్చినా డాక్టర్ చెప్పినట్టు ఒకటి రెండు వారాలపాటు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ మానాలి. తేలికగా ఉందనేది నిజమే అయ్యుంటుంది. ప్రమాదం కూడా నిజమే.

చలిచేతులు
నాకు బీటా బ్లాకర్‌తో చేతులు ఐస్ ముక్కల్లా ఉంటాయి. కరచాలనం చేసినవాళ్లు ఉలిక్కిపడతారు. కలలు కూడా ఉండేవి, కాకపోతే నాది రైలు తప్పిపోవడం.

మీటర్_మావయ్య
పరీక్ష హాలు, రైలు... ఒకే డైరెక్టర్ తీసినట్టున్నాడు.

రాత్రిడ్యూటీ
గుండె వార్డులో నర్సుని. మూడోమెట్టు గారూ, ఒక్క మాట దగ్గర నా కన్ను ఆగింది. "పడుకున్నాక దగ్గు ఎక్కువ" అన్నారు. ఇక్కడ ఇప్పుడు పదిమంది వచ్చి అది రామిప్రిల్ దగ్గే అంటారు. అయ్యుండొచ్చు. కానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరినా పడుకుంటే దగ్గు వస్తుంది. దిండ్లు ఒకటి నుంచి రెండుకీ మూడుకీ పెరిగాయా? అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటున్నారా? పాదాలు వాచాయా? బరువు రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది మాత్ర గొడవేలే అనుకోవద్దు, వెంటనే చూపించుకోవాలి.

మూడోమెట్టు
ఫోన్ చేశాను. అనుకున్నట్టే అక్షింతలు పడ్డాయి. పొద్దున 25, రాత్రి 25గా ఈ రోజే మళ్లీ మొదలుపెట్టమన్నారు, గురువారం రమ్మన్నారు.

రాత్రిడ్యూటీ గారూ, దిండు ఒకటే. వాపు లేదు. బరువు చూసుకోలేదు, మిషన్ అటక మీద ఉంది.

రాత్రిడ్యూటీ
మిషన్ కిందికి దించండి.

రెండుస్టెంట్లు
దగ్గు సంగతి నేను చెప్తా, ఇందులో నాకు డాక్టరేట్ ఉంది. ఎనిమిది నెలలు దగ్గాను. మూడు రకాల సిరప్‌లు తాగాను. ఛాతీ ఎక్స్-రే తీశారు, ఏమీ లేదు. ఎలర్జీ అన్నారు, దుప్పట్లు మార్చాం. ఎసిడిటీ అన్నారు, మంచం తలవైపు ఇటుకలు పెట్టాం. చివరికి మందుల షాపు కుర్రాడు నాలుగో సిరప్ ఇవ్వబోతూ "సార్, మీ పాత చీటీలో పేరు చివర ప్రిల్ అని ఉన్న మాత్ర ఏదైనా ఉందా?" అని అడిగాడు. ఎనలాప్రిల్ ఉంది. అంతే! డాక్టర్ దాన్ని తీసేసి టెల్మిసార్టాన్ ఇచ్చారు.

కానీ మార్చిన మర్నాడే ఆగదు. నాకు ఇరవై రోజులు పట్టింది. వారంలో ఆగకపోయేసరికి "ఇది కూడా కాదు" అని మళ్లీ సిరప్ సీసా పట్టుకున్నా. తొందరపడకు.

పాత_ఫార్మసిస్ట్
ప్రిల్ అని ముగిసేవన్నీ ఒక కుటుంబం: ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్. బీపీ పెంచే ఒక ఎంజైమును ఇవి ఆపుతాయి. అదే ఎంజైము బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని కూడా కరిగిస్తుంటుంది. ఎంజైము ఆగితే అది పేరుకుని గొంతుని గిలిపెడుతుంది. నూటికి 5 నుంచి 20 మంది దాకా ఈ దగ్గు వస్తుందని లెక్క, ఆడవాళ్లలో ఎక్కువ. సిరప్ పనిచేయకపోవడానికి కారణం అదే, గొంతులో జబ్బేమీ లేదు కదా. టెల్మిసార్టాన్ లాంటి సార్టాన్ కుటుంబం ఆ ఎంజైము జోలికి పోదు. మానాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది, కొందరికి మూడు నెలలు కూడా పడుతుంది.

ఈ కుటుంబంతో దగ్గు చిరాకే తప్ప ప్రమాదం కాదు. పెదవులు, నాలుక, ముఖం వాచితే మాత్రం ఇక్కడ పోస్ట్ పెడుతూ కూర్చోవద్దు, అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. అరుదు, కానీ మాత్ర మొదలుపెట్టిన ఏళ్ల తర్వాత కూడా రావచ్చు.

స్టాటిన్_శత్రువు
తొడల నొప్పి గురించి ఎవరూ మాట్లాడరేం? 80 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ మింగుతూ కాళ్లు ఎందుకు నొప్పి అని అడుగుతారా! నేను మానేసి ఏడాదైంది, హాయిగా ఉన్నా. కొలెస్ట్రాల్ అంతా కంపెనీల వ్యాపారం.

పాత_ఫార్మసిస్ట్
వచ్చారా. మీకోసమే చూస్తున్నా.

స్టాటిన్_శత్రువు
వచ్చాను. ఆ శాంసన్ పరీక్ష గురించి మళ్లీ చెప్పండి, వింటాను.

పాత_ఫార్మసిస్ట్
కొత్తవాళ్ల కోసం చెప్తాను, మీకోసం కాదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర పడక మానేసిన 60 మందిని లండన్‌లో తీసుకున్నారు. ఒక్కొక్కరికి 12 నెలలకి 12 సీసాలు. నాలుగింట్లో అటోర్వాస్టాటిన్ 20, నాలుగింట్లో అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర, నాలుగు ఖాళీ సీసాలు. రోజూ బాధ ఎంతో ఫోన్‌లో సున్నా నుంచి వంద దాకా మార్కు వేయాలి. ఖాళీ సీసా నెలల్లో సగటు 8, స్టాటిన్ నెలల్లో 16, ఉత్తి మాత్ర నెలల్లో 15. ఫలితాలు 2020లో వచ్చాయి. అంటే స్టాటిన్ వేసుకుంటే పెరిగే బాధలో పదింట తొమ్మిది వంతులు ఉత్తి మాత్ర మింగినా వచ్చింది. ఎవరి లెక్కలు వాళ్లకి చూపిస్తే సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

స్టాటిన్_శత్రువు
అంటే రాత్రి రెండింటికి పిక్క పట్టేసి నేను మంచం దిగి గోడ పట్టుకుని నిలబడింది నాటకమా? మీ పరీక్షలో డోసు 20. ఇతను వేసుకునేది 80. 60 మందిలో నేను లేను కదా. లెక్క చెప్పేవాళ్లకి కాళ్లు నొప్పి పెట్టవు.

రాత్రిడ్యూటీ
డోసు విషయంలో ఆయన మాట కొట్టిపారేయలేం. 20కీ 80కీ తేడా ఉంటుంది. నొప్పి నాటకమని ఎవరూ అనలేదు కూడా. "దీనివల్ల నొప్పి వస్తుందట" అని భయంతో మింగితే వచ్చే నొప్పి కూడా నిజం నొప్పే. మా వార్డులో సూది తీయకముందే చెయ్యి నొప్పి పుట్టేవాళ్లని రోజూ చూస్తుంటా, వాళ్లెవరూ నటించరు.

కానీ మానేసి ఏడాది అయిందన్నారు. మీ డాక్టర్‌కి తెలుసా?

స్టాటిన్_శత్రువు
...తెలియదు.

రెండుస్టెంట్లు
😀

పాత_ఫార్మసిస్ట్
మూడోమెట్టు గారికి పనికొచ్చేది చెప్తా. స్టాటిన్ నొప్పి చాలావరకు రెండు పక్కలా సమానంగా, పెద్ద కండరాల్లో వస్తుంది: తొడలు, పిరుదులు, భుజాలు. ఒక్క మోకాలు, ఒక్క మడమ అయితే అనుమానం వేరేచోట పెట్టుకోవాలి. సీకే అనే రక్తపరీక్ష ఉంది, కండరం దెబ్బతింటే పెరుగుతుంది. దాంతోపాటు థైరాయిడ్ కూడా చూస్తారు, అది మందగిస్తే స్టాటిన్ నొప్పి ఎక్కువవుతుంది. దారులు చాలా ఉన్నాయి: డోసు తగ్గించడం, రోసువాస్టాటిన్‌కి మారడం, కొందరికి రోజు విడిచి రోజు ఇవ్వడం, ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర జోడించడం. భరించలేని నొప్పితో నీరసం, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చాలా అరుదు, కానీ కిడ్నీలు దెబ్బతింటాయి.

మూడోమెట్టు
నాకు రెండు తొడలూ సమానమే. ఎంత నొప్పి ఉన్నా సాయంత్రం ఒక డైక్లోఫెనాక్ వేసుకుంటే తట్టుకోగలుగుతున్నా, రెండు వారాలుగా అలాగే నెట్టుకొస్తున్నా.

రాత్రిడ్యూటీ
ఏమిటీ???

పాత_ఫార్మసిస్ట్
ఇది ముందు చెప్పాలి కదండీ! మొదటి పోస్టులో మాత్రల జాబితాలో లేదే!

మూడోమెట్టు
అది నొప్పి బిళ్ల కదా, గుండె మాత్ర కాదని రాయలేదు.

పాత_ఫార్మసిస్ట్
ఇదిగో, దీనికే నాకు జుట్టు రాలిపోయింది. ఆస్పిరిన్, టికాగ్రెలార్ రెండూ రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. వాటి మీద డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పడితే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండెపోటు వచ్చినవాళ్లకి ఆ బిళ్లలు విడిగా కూడా మంచివి కావు. ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనికి కూడా అడ్డం పడుతుంది. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చేమో డాక్టర్‌ని అడగండి. మలం తారులా నల్లగా వస్తోందా? కళ్లు తిరుగుతున్నాయా?

మూడోమెట్టు
లేదు. రెండూ లేవు. ఆపేశాను. భయపెట్టేశారు.

రాత్రిడ్యూటీ
భయపడితేనే మంచిది. జలుబు బిళ్లలు కూడా చూసుకోండి. ముక్కు దిబ్బడకి వాడే ఫినైల్‌ఎఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ బీపీని పెంచుతాయి. గురువారం వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పసరు, చూర్ణం, విటమిను, పక్కింటివాళ్లు ఇచ్చింది, అన్నీ.

అత్తగారి_కోడలు
మాత్ర మీద మాత్ర అంటే మా ఇంటి కథ చెప్పాలి. మా అత్తయ్యకి బీపీకి ఆమ్లోడిపిన్ 10 రాశారు. నెలకి పాదాలు వాచాయి. బొటనవేలితో చీలమండ దగ్గర నొక్కితే గుంట పడి, నేను వెళ్లి స్టవ్ ఆపి వచ్చేదాకా అలాగే ఉండేది. మరో చోట చూపిస్తే నీరు పోయే మాత్ర ఇచ్చారు. వాపు పోలేదు కానీ రాత్రంతా బాత్రూమ్‌కి తిరగడం, పొటాషియం తగ్గి పిక్కలు పట్టేయడం. పిక్కలకి ఇంకో మాత్ర. ఇలా నాలుగు మాత్రలయ్యాక ఒక డాక్టరమ్మ అన్నీ బల్ల మీద వరసగా పెట్టించి, ఏది ఏ తేదీన మొదలైందో చెప్పమంది. నేను ఫోన్‌లో పాత ఫోటోలు చూసి చెప్పాను. ఆమ్లోడిపిన్‌ని 5కి తగ్గించి, మిగతా మూడూ తీసేసింది. పది రోజుల్లో పాత చెప్పులు పట్టాయి. అత్తయ్య ఆ చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా ఊరికే వెళ్లొచ్చారు.

పాత_ఫార్మసిస్ట్
బాగా చెప్పారమ్మా. ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కాదు. సన్న రక్తనాళాలు వెడల్పై, ఉన్న నీరే కిందికి ఊరుతుంది. అందుకే నీటి మాత్రకి లొంగదు. డోసు తగ్గించడమో, ప్రిల్ గానీ సార్టాన్ గానీ ఏదో ఒకటి జత చేయడమో పనిచేస్తుంది.

ఆరుగంటలు
నీటి మాత్ర అనగానే మెలకువ వచ్చింది. నాకు గుండె పంపింగ్ తక్కువ, ఫ్యూరోసెమైడ్ వాడతా. లాసిక్స్ అనే దాని బ్రాండు పేరే "ఆరు గంటలు పనిచేస్తుంది" అనే ఇంగ్లిష్ మాటల నుంచి వచ్చిందట, నా హ్యాండిల్ రహస్యం అదే. ఒకసారి పొద్దున మర్చిపోయి సాయంత్రం ఏడింటికి వేసుకున్నా. ఆ రాత్రి నేను, బాత్రూమ్ లైటు తప్ప ఇంట్లో ఎవరూ మేలుకుని లేరు. ప్రయాణం ఉన్న రోజు ఏం చేయాలో మా డాక్టర్ ముందే చెప్పారు: మానొద్దు, చేరాక వేసుకో, సాయంత్రం నాలుగు దాటనివ్వకు అని. ఇది నాకు చెప్పింది, మీది మీరు అడిగి తెలుసుకోండి.

మీటర్_మావయ్య
లేచి నిలబడితే కళ్లు తిరగడం ఎవరికీ లేదా? నాకు బాత్రూమ్‌లోనే జరిగింది, వాష్ బేసిన్ పట్టుకుని బతికా.

రాత్రిడ్యూటీ
అది చాలామందికి ఉంటుంది. కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ ఒకసారి బీపీ చూడండి. పై అంకె 20 పడిపోతే డాక్టర్‌కి చెప్పాల్సిందే. మంచం దిగేటప్పుడు ముందు కాళ్లు వేలాడేసి కూర్చుని, మడమలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించి అప్పుడు లేవండి. రాత్రిపూట మగవాళ్లు కూడా కూర్చునే మూత్రానికి వెళ్లడం మంచిది. నవ్వకండి, తలకి కుట్లు వేయించుకున్నవాళ్లని చూశాను.

మీటర్_మావయ్య
రోజుకి ఇరవైసార్లు చూసుకునేవాడిని. ఎక్కువ వస్తే టెన్షన్, టెన్షన్ వల్ల ఇంకా ఎక్కువ, మళ్లీ చూడటం. మా అమ్మాయి మీటర్ని దాచేసింది. ఇప్పుడు పొద్దున, సాయంత్రం చేతికిస్తుంది, మళ్లీ లాక్కుంటుంది.

రెండుస్టెంట్లు
అమ్మాయికి నా ఆశీస్సులు.

వెలుగుచుక్క
ఇక్కడ ఇవాబ్రాడిన్ వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నాకు బీటా బ్లాకర్ పడదని అది ఇచ్చారు. రెండో వారం, రాత్రి చీకటి గదిలోంచి వచ్చి వంటింట్లో లైటు వేశా. ట్యూబ్ లైటు అంచుల చుట్టూ ఇంకో రెండు ట్యూబ్ లైట్లు కాసేపు వెలిగి, మెల్లగా కరిగిపోయాయి. కన్ను పోయిందనుకుని కళ్ల డాక్టర్ దగ్గరికి పరుగెత్తా. ఆయన చుక్కలు వేసి, గంట కూర్చోబెట్టి, అంతా బాగుందని పంపించారు. ఇంటికొచ్చి మాత్రల పెట్టెలో కాగితం మడత విప్పితే అచ్చం నేను చూసిందే రాసి ఉంది! గుండె కణాల్లో అది మూసే దారి లాంటిదే కంటి రెటీనాలో కూడా ఒకటి ఉందట. ఇప్పుడు భయం లేదు, కాకపోతే రాత్రిపూట బండి నడపను, ఎదురు లైట్లు పడితే తికమకగా ఉంటుంది.

చలిచేతులు
ఆ కాగితం చదివేవాళ్లు కూడా ఉన్నారన్నమాట. నేను చదివితే అందులో ఉన్నవన్నీ సాయంత్రానికి వచ్చేస్తాయి.

స్టాటిన్_శత్రువు
దాన్నే ఇందాక లెక్కలతో చెప్పారుగా, చదువుకోలేదా?

పాత_ఫార్మసిస్ట్
ఈ మాట మీ నోటి నుంచి! తేదీ రాసిపెట్టుకుంటున్నా.

కొత్తఖాతా
అడగడానికి సిగ్గుగా ఉండి వేరే పేరుతో వచ్చా. గుండె మాత్రలు మొదలయ్యాక పడకగదిలో... అర్థం చేసుకోండి. ఒక ఫ్రెండ్ సిల్డెనాఫిల్ (వయాగ్రా) ఇచ్చాడు. వేసుకోవచ్చా? ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర కూడా నా దగ్గర ఉంది.

పాత_ఫార్మసిస్ట్
వద్దు. సిగ్గుపడకుండా అడిగి మంచి పని చేశారు. నాలుక కింద మాత్ర, మోనోనైట్రేట్, ఇవన్నీ నైట్రేట్లు. సిల్డెనాఫిల్‌తో కలిస్తే బీపీ పాతాళానికి పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. ఒకవేళ ఎప్పుడైనా అది వేసుకుని ఉండగా ఛాతీ నొప్పి వస్తే, నాలుక కింద మాత్ర పెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లి విషయం చెప్పాలి. సిల్డెనాఫిల్ తర్వాత 24 గంటలు, అలాంటిదే అయిన టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వరు. చెప్పకపోతే వాళ్లకి తెలియదు.

మీ ఇబ్బందికి బీటా బ్లాకర్, థయజైడ్ నీటి మాత్ర కారణం కావొచ్చు, రక్తనాళాల జబ్బే కావొచ్చు, భయం కూడా కావొచ్చు. డాక్టర్లకి ఇది రోజూ వినే మాటే. నోటితో చెప్పలేకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి.

ఆరుగంటలు
నాకు స్పైరోనోలాక్టోన్ అనే ఇంకో నీటి మాత్రతో ఛాతీ మీద చనుమొనల దగ్గర గడ్డలా వచ్చి, చొక్కా తగిలినా నొప్పి పుట్టేది. మగాడినై ఉండి ఎలా చెప్పాలా అని ఆరు నెలలు మింగాను. చెప్పాక డాక్టర్ ఎప్లెరెనోన్‌కి మార్చడానికి పట్టింది అర నిమిషం. ఆరు నెలలు ఎందుకు దాచానో నాకే తెలియదు. కొత్తఖాతా, అడిగెయ్ బ్రదర్.

రెండుస్టెంట్లు
నాలుక కింద మాత్ర వల్ల వచ్చే తలనొప్పి గురించి ఒక పిట్టకథ. డైనమైట్‌లో ఉండేదీ, ఈ మాత్రలో ఉండేదీ ఒకే జాతి మందు, నైట్రోగ్లిజరిన్. డైనమైట్ ఫ్యాక్టరీ కార్మికులకి సోమవారం పొద్దున్నే తలనొప్పి వచ్చేదట. వారమంతా పీలిస్తే ఒంటికి అలవాటైపోతుంది, ఆదివారం సెలవుకి ఆ అలవాటు పోయి సోమవారం మళ్లీ మొదలు. డైనమైట్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కి చివరికి గుండె జబ్బు వస్తే, 1896లో పోయే ముందు డాక్టర్లు రాసింది కూడా నైట్రోగ్లిజరినే.

రాత్రిడ్యూటీ
కథ బాగుంది. ఆ మాత్ర మాత్రం కూర్చుని పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే పడిపోతారు. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకో మాట: బీటా బ్లాకర్ వేసుకుంటే షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకు, గుండెదడ తెలియవు. చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమట పడితే షుగర్ చూసుకోండి.

మూడోమెట్టు
గురువారం వెళ్లొచ్చాను. మిషన్ అటక మీద నుంచి దిగింది, వారం రోజులు బరువు ఒకేలా ఉంది. అత్తగారి_కోడలు గారు చెప్పినట్టు ఒక కాగితం మీద ఎడమవైపు మాత్ర పేరు, మొదలైన తేదీ, కుడివైపు బాధ, అది మొదలైన తేదీ రాసుకెళ్లా. పోయినసారి "బాగాలేదండీ" అన్నాను, ఆయన "బాగానే ఉన్నారు" అన్నారు, అంతటితో అయిపోయింది. ఈసారి ఆ కాగితాన్ని ఆయనే లాక్కుని పెన్నుతో గీతలు కలిపారు. నాలుగు నిమిషాల అపాయింట్‌మెంట్ పావుగంట సాగింది, బయట జనం గొణుగుతున్నారు.

రామిప్రిల్ తీసేసి టెల్మిసార్టాన్. మెటోప్రొలాల్ బదులు బిసోప్రొలాల్, అది మెదడులోకి తక్కువ వెళ్తుంది, కలలు తగ్గొచ్చన్నారు. సీకే మామూలుగానే ఉంది, థైరాయిడ్ రిపోర్టు రావాలి. స్టాటిన్ 40కి తగ్గించి ఆరు వారాలకి కొలెస్ట్రాల్ చూస్తారట. డైక్లోఫెనాక్ దగ్గర మాత్రం మా ఆవిడ ముందే తిట్లు తిన్నాను.

కూర్చున్నప్పుడు ఊపిరి చాలకపోవడం టికాగ్రెలార్ వల్లేనని అనుమానం. ఈసీజీ, ఎకో చేసి చూశారు, గుండె బాగుంది. ప్రస్తుతానికి మార్చలేదు, ఇంకో నెల చూద్దామన్నారు.

పాత_ఫార్మసిస్ట్
మంచి డాక్టరే. టికాగ్రెలార్‌ని, అదే పని చేసే క్లోపిడోగ్రెల్‌తో పోల్చిన పెద్ద పరీక్ష ప్లాటో, 2009లో వచ్చింది, 18 వేలకి పైగా రోగులు. ఊపిరి చాలదన్నవాళ్లు టికాగ్రెలార్ వైపు నూటికి 14 మంది, క్లోపిడోగ్రెల్ వైపు 8 మంది. చాలామందికి తేలికగానే ఉంటుంది, ఊపిరితిత్తులకి దెబ్బేమీ ఉండదు. మార్చాలన్నా ఆయనే మార్చాలి. ఒక్క రోజు కూడా సొంతంగా ఆపొద్దు, కొత్త స్టెంట్‌లో రక్తం గడ్డకడితే మళ్లీ గుండెపోటే. పళ్ల డాక్టర్ ఆపమన్నా ముందు గుండె డాక్టర్‌ని అడగండి.

స్టాటిన్_శత్రువు
నేను కూడా సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. కొలెస్ట్రాల్ ఎంతుందో చూడటానికి మాత్రమే. ఎవరూ ఏమీ అనుకోవద్దు.

రాత్రిడ్యూటీ
ఏమీ అనుకోం. కాగితం రాసుకెళ్లండి.

మూడోమెట్టు
నెల తర్వాత వచ్చా. దగ్గు పద్దెనిమిదో రోజున మాయమైంది, రెండుస్టెంట్లు అన్న ఇరవై చెప్పాడు కాబట్టి నేను గెలిచా. తొడల నొప్పి సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. మూడో మెట్టు దాటి పన్నెండు దాకా వెళ్తున్నా, అక్కడ ఒకసారి ఆగాలి. పరీక్ష కల వారానికి ఒకసారే, మొన్న హాల్ టికెట్ దొరికింది కూడా.

మా ఆవిడ దిండుతో సహా తిరిగొచ్చింది. నాలుగో రాత్రి తట్టిలేపి, దగ్గే నయం, ఈ గురకతో చచ్చిపోతున్నానంది. గురక ఏ మాత్ర వల్ల వస్తుందో ఎవరికైనా తెలుసా?

రెండుస్టెంట్లు
అది మాత్రలది కాదు తమ్ముడూ, నీ సొంతం.

రాత్రిడ్యూటీ
నవ్వులాట కాదు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ తీస్తున్నారేమో రెండు రాత్రులు ఆవిడని గమనించమనండి. దానికీ గుండెకీ లంకె ఉంది. ఆ కాగితంలో కుడివైపు ఇంకో గీత గీయండి.